తాత దగ్గు, మనవడి జ్వరం: క్షయ వయసుల పట్టికను ఎలా చదవాలి

(గుంటూరు బ్రాడీపేటలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, నర్సింగ్, వైద్య విద్యార్థులు హాజరైన ఒక సభలో సామాజిక వైద్యశాస్త్ర విశ్రాంత ఆచార్యురాలు చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఆశా కార్యకర్తలు, వెనక వరుసల్లో వైద్య విద్యార్థులు కూర్చున్నారు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని నాకు నచ్చింది. ఇవాళ నేను మాట్లాడబోయే విషయం ముందుగా తెలిసేది మా ఆశా అమ్మాయిలకే. క్షయ ఏ వయసువారికి వచ్చిందో వాళ్లు గడప దగ్గర నిలబడి చూస్తారు. మనకు అది ఏడాది తర్వాత పట్టికలో ఒక అంకెగా కనిపిస్తుంది.

సుమారు ముప్పై ఏళ్ల కిందటి సంగతితో మొదలుపెడతాను. పాత గుంటూరు నుంచి పద్నాలుగు నెలల బాబును ఆస్పత్రికి తీసుకొచ్చారు. మూడు వారాలుగా జ్వరం. పళ్లు వస్తున్నాయని కొన్నాళ్లు, దిష్టి తగిలిందని కొన్నాళ్లు గడిపారు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు, పాలు పడితే వాంతి. మా దగ్గరకు వచ్చేసరికి పిల్లవాడికి ఒక కన్ను పక్కకు తిరిగిపోయింది, పిలిస్తే పలకడం లేదు. వెన్నులో నీరు తీసి చూశారు. మెదడు పొరల క్షయ. పిల్లవాడు బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు మాత్రం మళ్లీ స్వాధీనంలోకి రాలేదు.

అంత చిన్నపిల్లవాడికి క్షయ వచ్చిందంటే ఇచ్చినవారు ఆ దగ్గరలోనే ఉండాలి. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. ఒకే గది, ముందు రేకుల పంచ. పంచలో నులక మంచం మీద డెబ్బై ఏళ్ల తాత. మిర్చి బస్తాలు మోసి మోసి వంగిపోయిన మనిషి. ఏడాదిగా దగ్గుతున్నాడు. ఇంట్లో అందరూ దాన్ని ముసలి దగ్గు అనుకున్నారు. మనవడంటే ఆయనకు ప్రాణం, రాత్రిళ్లు గుండెల మీద పడుకోబెట్టుకుని జో కొట్టేవాడు. కళ్లె పరీక్ష చేయిస్తే అద్దం నిండా క్రిములు.

ఆ వీధిలో అంతకు మూడు నెలల ముందు మా విద్యార్థులు ఇంటింటి సర్వే చేశారు. ఆ ఇంటి ఫారం తీసి చూశాను. పిల్లవాడికి టీకాలు వేయించారా, లేదా అన్నది రాసి ఉంది. మరుగుదొడ్డి ఉందా, లేదా అన్నది రాసి ఉంది. ఎవరైనా దగ్గుతున్నారా అనే ప్రశ్న ఆ ఫారంలో లేనే లేదు. ఫారం తయారు చేసింది నేను, కింద సంతకం నాది. ఆ కాగితం చాలాకాలం నా బల్ల సొరుగులోనే ఉంచుకున్నాను.

ఏడాది చివర వయసులవారీగా పట్టిక కట్టినప్పుడు ఆ పిల్లవాడు మొదటి గడిలోకి వెళ్లాడు, తాత చివరి గడిలోకి వెళ్లాడు. మధ్యలో ఇన్ని గడులు. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిని ఆ పట్టిక అంత దూరం చేసింది. వయసుల పట్టికను ఇంకోలా చదవడం నేర్చుకోవాలన్న పట్టుదల నాకు అప్పుడు కలిగింది. ఊరంతటికీ కలిపి చెప్పే ఒక్క అంకె వెనక నాలుగైదు వేర్వేరు కథలుంటాయి. పసిపిల్లల్లో వచ్చే క్షయ ఈ ఏడాది ఊళ్లో ఏం జరుగుతోందో చెబుతుంది. ముసలివారిలో వచ్చే క్షయ నలభై, యాభై ఏళ్ల కిందట ఏం జరిగిందో చెబుతుంది. మిగతా వయసులవారిది ఈ రెంటి నడుమ ఉండే కథ.

విద్యార్థులు ముందుగా ఒక లెక్క రాసుకోండి. లక్ష మంది ఉండే ఒక ప్రాంతాన్ని ఊహిద్దాం, ఇది ఉదాహరణ మాత్రమే. అక్కడ ఇరవైలలో ఉన్నవారు 18 వేల మంది, అరవై అయిదు దాటినవారు 6 వేల మంది. యువకుల్లో 36 మందికి, పెద్దవారిలో 24 మందికి జబ్బు బయటపడింది. రిజిస్టరు చూసినవారు క్షయ ఇక్కడ యువకుల జబ్బు అంటారు. ఇప్పుడు ఆయా వయసుల జనాభాతో భాగించండి. యువకుల్లో లక్షకు 200, పెద్దవారిలో లక్షకు 400. ఏది ఎవరి జబ్బు? రెండు జవాబులూ సరైనవే. మందులు ఎంతమందికి తెప్పించాలో మొదటి లెక్క చెబుతుంది, ఎవరి ఇంటి తలుపు ముందు తట్టాలో రెండోది చెబుతుంది. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడటం వల్ల మన సమావేశాల్లో చాలా కాలం వృథా అవుతోంది.

దేశం మొత్తానికి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2015లో లక్ష జనాభాకు ఏడాదికి 237 మందికి కొత్తగా క్షయ వచ్చేది. 2023 నాటికి అది 195కు దిగింది. తగ్గుదల నిజమే, సంతోషించాలి. అయినా ప్రపంచంలోని రోగుల్లో సుమారు నాలుగో వంతు ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు. 2019 నుంచి 2021 వరకు మన దేశంలో పెద్ద సర్వే ఒకటి జరిగింది. పదిహేనేళ్లు దాటినవారిని ఊరూరా పరీక్షిస్తే, ఆ సమయానికి ఊపిరితిత్తుల క్షయతో ఉన్నవారు లక్షకు 316 మంది అని తేలింది. వయసు పెరిగేకొద్దీ ఆ రేటు పెరిగింది. ఆడవారిలో కంటే మగవారిలో ఎక్కువ. జబ్బు లక్షణాలున్నవారిలో నూటికి 64 మంది ఏ వైద్యుడి దగ్గరకూ వెళ్లలేదు. నాకు నిద్రపట్టకుండా చేసిన అంకె అదే.

ఇక పసిపిల్లల దగ్గరకు వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోవద్దు.

పెద్దవారికి క్షయ క్రిమి సోకితే జీవితకాలంలో నూటికి అయిదు నుంచి పది మందికే జబ్బుగా మారుతుంది, అందులోనూ సుమారు సగం మొదటి రెండేళ్లలోనే. మిగతావారి ఒంట్లో అది నిద్రపోతూ ఉంటుంది. ఏడాదిలోపు బిడ్డకు ఆ లెక్క వర్తించదు. మందుల్లేని కాలంలో వైద్యులు రాసిపెట్టిన అనుభవాలను కూడితే, ఏడాదిలోపు సోకిన పిల్లల్లో సగం మంది జబ్బుపడేవారని, నూటికి పది నుంచి ఇరవై మందికి మెదడు పొరలకో ఒళ్లంతటికో పాకేదని తెలిసింది. రెండో ఏట ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అయిదు నుంచి పదేళ్ల మధ్య అన్నిటికంటే తక్కువ. బడికి వెళ్లే ఆ వయసు పిల్లలకు క్రిమి సోకినా జబ్బు పడేది చాలా కొద్దిమందే. మళ్లీ యుక్తవయసు రాగానే పెరుగుతుంది.

పుట్టగానే వేసే బీసీజీ టీకా సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 1921లో మొదటిసారి మనిషికి ఇచ్చిన టీకా అది. పసిపిల్లలను మెదడు పొరల క్షయ నుంచి బాగా కాపాడుతుంది, పూర్తిగా కాదు. మన పాత గుంటూరు పిల్లవాడి భుజం మీద బీసీజీ మచ్చ ఉంది. పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల క్షయను మాత్రం అది ఆపలేకపోయింది. మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలుపెట్టి జరిపిన భారీ పరీక్ష ఆ విషయాన్ని తేల్చింది. టీకా వేశాం గనుక ఇక భయం లేదని ఏ తల్లికీ చెప్పవద్దు. టీకా వద్దనీ చెప్పవద్దు.

పసిపిల్లల క్షయను ఈ ఏడాది కథ అని ఎందుకంటున్నానంటే, రెండేళ్ల పిల్లకు క్రిమి సోకిందంటే అది ఈ రెండేళ్లలోనే సోకి ఉండాలి. ఇంకెప్పుడో సోకడానికి ఆ పిల్ల పుట్టనే లేదు కదా. అందుకే దేశంలో వ్యాప్తి ఎంత ఉందో కొలవాలనుకున్నప్పుడు ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లల చేతికి, క్రిమి సోకిందో లేదో తెలిపే ట్యూబర్క్యులిన్ సూది వేసి చూశారు. 2000–2003 మధ్య జరిగిన సర్వేలో ఏడాదికి నూటికి ఒకటిన్నర మందికి కొత్తగా సోకుతోందని తేలింది. 2009–10లో మళ్లీ చూస్తే అది నూటికి ఒకటికి తగ్గింది. చిన్న అంకెల్లా కనిపిస్తాయి. ఏడాదికి ఒకటిన్నర చొప్పున సోకుతూ పోతే, నలభై ఏళ్లు నిండేసరికి నూటికి నలభై అయిదు మంది ఒంట్లోకి క్రిమి చేరుతుంది. ఒకటి చొప్పున అయితే ముప్పై మూడు మందికి. ఇందాకటి పెద్ద సర్వేలో పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి సుమారు 31 మందికి సోకినట్టు కనిపించింది. అంటే ఈ సభలో వందమంది ఉంటే ముప్పై మందికి పైనే. భయపడకండి, అది జబ్బు కాదు, మీ నుంచి ఎవరికీ అంటదు.

పిల్లల విషయంలో మనం చేస్తున్న పొరపాటు లెక్కలోనే బయటపడుతుంది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే క్షయ రోగుల్లో నూటికి 12 మంది వరకు పదిహేనేళ్లలోపు వారని అంచనా. మన దేశంలో నమోదవుతున్న రోగుల్లో పిల్లలు నూటికి ఆరుగురి దరిదాపుల్లోనే ఉంటున్నారు. మిగతా పిల్లలు ఏమయ్యారు? చిన్నపిల్లలు కళ్లె ఉమ్మలేరు, మింగేస్తారు. వాళ్లలో క్రిములూ తక్కువగా ఉంటాయి. పొద్దున్నే పరగడుపున కడుపులోంచి నీరు తీసి పరీక్షించాలి, దానికి ఓపిక కావాలి. అంతకంటే తేలికైన సాధనం ఒకటి అంగన్‌వాడీలో ఇప్పటికే ఉంది. బరువు తూచే యంత్రం. రెండు మూడు నెలలుగా బరువు పెరగని పిల్ల, జ్వరం తగ్గని పిల్ల, ఇంతకుముందు ఆడుకుని ఇప్పుడు మూలన కూర్చునే పిల్ల. ఈ ముగ్గురిలో ఎవరు కనిపించినా ఆ ఇంట్లో దగ్గేవారు ఎవరని అడగండి.

యువతకు వద్దాం. మన పురాణంలో చంద్రుడికి క్షయ వచ్చింది. ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణినే ప్రేమిస్తున్నాడని మామ దక్షుడు శపించాడట. నిండు యవ్వనంలో, అందంలో ఉన్నవాడు రోజురోజుకూ కరిగిపోవడం అన్న ఊహ కథ కట్టినవారికి ఊరికే రాలేదు. వయసులో ఉన్నవారు అలా చిక్కి పోవడం వాళ్లు కళ్లారా చూసి ఉంటారు. చూసిందాన్ని శాపం చేశారు. ఆ శాపపు నీడ ఇప్పటికీ పోలేదు. పెళ్లి కావలసిన అమ్మాయికి క్షయ అని తెలిస్తే ఇంట్లో ఎంత గుట్టుగా ఉంచుతారో మీకు నేను చెప్పనక్కరలేదు.

యుక్తవయసు నుంచి జబ్బు స్వభావమే మారుతుంది. ఊపిరితిత్తిలో గుల్లలు పడి, క్రిములు కోట్లలో పెరిగి, దగ్గితే గాలిలోకి వస్తాయి. పసిపిల్లలు క్షయను తీసుకుంటారే గాని సాధారణంగా ఇవ్వరు. పదిహేడేళ్ల కుర్రవాడు ఇస్తాడు. విజయవాడ, గుంటూరు చుట్టూ ఇంటర్మీడియట్ వసతి కళాశాలలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది. చలికాలంలో కిటికీలు మూసి, వేసవిలో ఏసీ కోసం మూసి పెడతారు. తెల్లవారకముందు లేచి అర్ధరాత్రి దాకా చదువు, సరిగా తినడం ఉండదు. దగ్గు మొదలైతే పరీక్షలు అయ్యాక చూసుకుందామంటారు. ఇలాంటి ఒక అమ్మాయి నాకు గుర్తుంది. మూడు నెలలు దగ్గును దిండులో ముఖం పెట్టి దాచుకుంది, పక్క మంచం అమ్మాయి నిద్ర చెడకూడదని. పరీక్ష రాసింది, మంచి ర్యాంకు కూడా వచ్చింది. ఆ గదిలో ఇంకో ఇద్దరికి క్రిమి సోకింది. ఎవరిని తప్పుపట్టగలం? వసతి గృహాల్లో వారానికి ఒక్కరోజైనా రెండు వారాలు మించి దగ్గుతున్నవారు ఎవరని అడిగే మనిషి ఉండాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. ఈ రెండు పనులకు ఖర్చు లేదు.

ఈ వయసులో ఆడపిల్లల లెక్క వేరుగా చూడాలి. పెద్దవారిలో మగవారికి ఎక్కువగా వచ్చే క్షయ, ఆడపిల్లల్లోనూ యువతుల్లోనూ మగపిల్లలతో సమానంగా ఉంటుంది, కొన్నిచోట్ల ఎక్కువే. మెడ దగ్గర గడ్డలుగా, పొట్టలో, గర్భసంచిలో వచ్చే రకాలకు దగ్గు ఉండదు కనుక ఎవరికీ అనుమానం రాదు. పిల్లలు పుట్టడం లేదని ఏళ్ల తరబడి తిరిగి చివరికి క్షయ అని తెలుసుకున్నవారు ఉన్నారు. ప్రసవం తర్వాతి కొన్ని నెలలు మరింత జాగ్రత్తగా చూడవలసిన కాలం. బాలింత నీరసం అని తీసిపారేయకండి.

ముప్పై నుంచి యాభై అయిదు మధ్య ఉన్న మగవారి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే కారణాలు మీకు తెలిసినవే. పొగతాగేవారికి ముప్పు సుమారు రెట్టింపు, మధుమేహం ఉన్నవారికి రెండు మూడు రెట్లు, మద్యం దానికి తోడు. విజయవాడ ఆటోనగర్ షెడ్ల నుంచి, లారీల మీద వారాలకు వారాలు తిరిగే డ్రైవర్ల నుంచి మందులు మధ్యలో ఆపినవారు ఎక్కువగా వస్తారు. ఆరు నెలల మందులు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాతి నాలుగు నెలలు మూడు రకాలు. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడుతుంది, మనిషి బండెక్కి వెళ్లిపోతాడు. మందులకు లొంగని క్షయ అక్కడే పుడుతుంది. దానికి బదులు మందులు రెండు నెలలకు సరిపడా కట్టి చేతికిచ్చి, వారానికోసారి ఫోను చేస్తే డ్రైవరు కూడా పూర్తిచేస్తాడు, చేసినవారిని చూశాను.

మన మిర్చి యార్డులోనూ, శీతల గిడ్డంగుల దగ్గరా తొడిమలు తీసే ఆడవారిని మరచిపోవద్దు. ఘాటుకు అక్కడ అందరూ దగ్గుతారు. దగ్గనివారు ఉండరు. అందరూ దగ్గే చోట క్షయ దగ్గు వినిపించదు. అక్కడ ఎక్స్‌రే ఒక్కటే దారి. ఆ పెద్ద సర్వేలో ఎక్స్‌రే తీయకుండా లక్షణాలే అడిగి ఉంటే నూటికి 42 మంది రోగులు దొరికేవారే కాదు. చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. వాటిని ఆస్పత్రి గదిలో దాచకుండా యార్డు గేటు దగ్గరకు తీసుకెళ్లాలి.

ఇంకొక తరం ఉంది. 2000 సంవత్సరం దరిదాపుల్లో పాతికేళ్ల నుంచి నలభై ఐదేళ్ల మధ్య ఉన్నవారు. ఆనాడు మన రాష్ట్రం దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. హెచ్ఐవీ ఒంటి రోగనిరోధక శక్తిని దెబ్బతీయడంతో ఆ తరం మీద క్షయ విరుచుకుపడింది. 2004లో హెచ్ఐవీకి ఉచితంగా మందులివ్వడం మొదలయ్యాక ఆ వరద తగ్గుముఖం పట్టింది. వయసుల పట్టికల్లో ఆనాటి మధ్య గడులు ఉబ్బెత్తుగా కనిపిస్తే కారణం అదే. ఆ ఉబ్బు ఆ మనుషులతో పాటే నడుస్తూ ఇవాళ పెద్ద వయసు గడుల వైపు వచ్చింది.

నడుస్తూ అన్నాను, ఆ మాట పట్టుకోండి. ఇక్కడ నేను ఎంతో గౌరవించే ఒక పరిశోధకుడి గురించి చెప్పాలి. వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఆయన 1938లో మరణించాడు, ఆయన వ్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. నార్వేలో ఆండ్‌వోర్డ్ అనే వైద్యుడు 1930లోనే ఇలాంటి మాట చెప్పాడు. ఫ్రాస్ట్ ముందు మసాచుసెట్స్ రాష్ట్రపు క్షయ మరణాల పట్టిక ఉంది. 1930 గడిలో చూస్తే మరణాలు వయసు పెరిగేకొద్దీ పెరుగుతున్నాయి. క్షయ ముసలితనపు జబ్బుగా మారిపోయిందని అందరూ అనుకోవచ్చు. ఆయన ఆ గడిని వదిలేసి, 1880లో పుట్టినవారిని పట్టుకున్నాడు. వాళ్లు 1890లో పదేళ్ల గడిలో ఉంటారు, 1900లో ఇరవై ఏళ్ల గడిలో ఉంటారు, అలా ఏటవాలుగా దిగుతూ పోతారు. ఆ ఏటవాలు దారిలో చూస్తే వాళ్లు ఎక్కువగా చనిపోయింది పసితనంలో, ఆపైన యవ్వనంలో. ముసలితనానికి వచ్చేసరికి వాళ్ల ముప్పు నిజానికి తగ్గింది. ఆ తర్వాత పుట్టినవారికి ముప్పు ఇంకా తక్కువ కాబట్టి, పక్కపక్కన పెట్టినప్పుడు ముసలివారిది పెద్దగా కనిపించింది.

ఇప్పుడు మన తాతను ఆ ఏటవాలు దారిలో నడిపించండి. ఆయన పుట్టింది ఇరవయ్యో శతాబ్దం మూడో దశకంలో. ఆయన పసివాడిగా ఉన్నప్పుడు క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. మంగళగిరిలో ఇవాళ ఎయిమ్స్ ఉన్న స్థలంలో ఒకప్పుడు క్షయ శానిటోరియం ఉండేది. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అదే వైద్యం. ఆ కాలపు గుంటూరులో ఆయనకు ఏ పంచలోనో, ఏ బస్తాల చాటునో క్రిమి సోకింది. దశాబ్దాలు నిద్రపోయింది. ఒంట్లో సత్తువ తగ్గాక లేచింది. లేచి, మనవడి ఒంట్లోకి దూకింది. పాత గుంటూరు జబ్బు కొత్త గుంటూరులోకి అలా వచ్చింది.

ఊళ్లో వ్యాప్తి నిజంగా తగ్గుతుంటే రోగుల సగటు వయసు పెరుగుతుంది. జపాన్‌లో ఇవాళ క్షయ రోగుల్లో సగానికి పైగా అరవై అయిదు దాటినవారే. మన నగరాలూ అటువైపే కదులుతాయి. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. సగటు వయసు పెరిగిందని సంబరపడేముందు పసిపిల్లల రేటు చూడండి. అదీ తగ్గుతుంటే సంతోషం. పిల్లల్ని పరీక్షించకపోవడం వల్ల తగ్గినట్టు కనిపిస్తుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 2019లో దేశంలో 24 లక్షల మంది రోగులు నమోదయ్యారు, 2020లో 18 లక్షలు. ఆరు లక్షల మందికి జబ్బు రాకుండా పోయిందా? కోవిడ్ కాలంలో తలుపులు మూసుకున్నాయి, వాళ్లు తలుపుల లోపలే దగ్గారు.

ముసలివారిలో జబ్బు కనిపెట్టడం కష్టమన్నది నిజం. చాలాసార్లు జ్వరం రాదు, చెమట పట్టదు, ఆకలి మందగించి బరువు తగ్గుతారు, అంతే. విజయవాడలో గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం కొండల మీద ఇళ్లు చూడండి. ఆయాసం మొదలైన పెద్దమనిషి మెట్లు దిగడం మానేస్తాడు. కిందనున్న ఆస్పత్రికి ఆయన రాడు, రిజిస్టరులోకీ రాడు. ఆయన వయసు గడిలో అంకె తక్కువగా ఉంటే ఆ మెట్లే కారణం కావచ్చు. మీలో ఆ కొండలెక్కే అమ్మాయిలు ఇక్కడున్నారు. మీ మోకాళ్ల నొప్పులు నాకు తెలుసు. మీరు ఎక్కితేనే ఆ అంకె బయటికి వస్తుంది.

ఒక్కరికి జబ్బు తేలితే ఇంటిల్లిపాదినీ చూడాలి. మందులతో పాటు తిండి కూడా. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగిన ఒక పరిశోధనలో రోగి కుటుంబ సభ్యులకు అదనంగా ఆహారం ఇచ్చారు. వాళ్లలో కొత్తగా క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గింది, ఊపిరితిత్తులకు వచ్చి ఇతరులకు అంటే రకమైతే దాదాపు సగం. బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు. ఇంత మేలు చేసే మందు ఏదైనా కనిపెట్టి ఉంటే దాన్ని దుకాణాల ముందు వరుసలు కట్టి కొనేవాళ్లం. రోగికి నెలనెలా ఇచ్చే పోషణ సాయం 2018లో 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఆ డబ్బు ఖాతాలో పడిందో లేదో అడగడం కూడా వైద్యంలో భాగమే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలు అడగండి.

(ఒక ఆశా కార్యకర్త: మేడమ్, మా వార్డులో ఒక బాలింతకు కళ్లెలో క్రిములు ఉన్నాయని మొన్ననే తెలిసింది. మందులు మొదలుపెట్టారు. బిడ్డకు మూడో నెల. తల్లి పాలు మాన్పించి, బిడ్డను అమ్మమ్మ ఊరు పంపేస్తామంటున్నారు.)

పాలు మాన్పించవద్దు. క్షయ పాల ద్వారా రాదు, గాలి ద్వారా వస్తుంది. తల్లి మాస్కు కట్టుకుని పాలివ్వాలి, పడక దగ్గర కిటికీ తెరిచి ఉంచాలి. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన ఈ విషయం ఎప్పుడో తేల్చింది. మందులు వాడుతూ ఇంట్లోనే ఉన్న రోగుల కుటుంబాల్లో, శానిటోరియానికి పంపిన రోగుల కుటుంబాల్లో కంటే జబ్బు ఎక్కువగా రాలేదు. బిడ్డను రేపే వైద్యుడికి చూపించండి. జబ్బు లేదని తేలితే రాకుండా ఆపే మందు ఇస్తారు, అది పూర్తికాలం వాడించాలి. నెలనెలా బరువు రాయండి. తల్లికి ఎలా సోకిందో కూడా చూడాలి కదమ్మా. ఆ ఇంట్లో దగ్గేవారు ఇంకెవరైనా ఉన్నారా?

(ఆశా కార్యకర్త: మామగారు ఉన్నారు మేడమ్. చుట్ట తాగుతారు. చుట్ట దగ్గేనంటారు.)

ఎన్నాళ్ల నుంచి?

(ఆశా కార్యకర్త: నేను ఆ వార్డుకు వచ్చినప్పటి నుంచి.)

సభ అయ్యాక వెళ్లిపోకు. కళ్లె డబ్బా రెండు తీసుకెళ్లు, రేపు పొద్దున ఆయన లేచేసరికి ఆ ఇంటి దగ్గర ఉందాం. నేనూ వస్తాను.